చలివేంద్రంలో ఆపిల్ పిల్ల

ఉత్తర కార్తె

నేను చెప్పిన అబద్ధం ఒకటి ఈ పొద్దున పార్శిల్లో వచ్చింది. దానికి వేళ్లున్నాయి, కొమ్మలున్నాయి, పైన పచ్చగా ఆకులు కూడా ఉన్నాయి. మెడలో ఒక చీటీ: "ఆపిల్. బాలశౌరి గారికి, మూడో నీడ చలివేంద్రం, రెంటచింతల."

సంగతేమిటంటే, మొన్నామధ్య, ఊళ్ల మీద ఎండ పడకుండా నీడ గుడ్డలు కట్టించే నీడల కార్యాలయం నుంచి ఫోనొచ్చింది. ఇప్పుడు అందరికీ ఒంటిని చల్లగా ఉంచే చలి చొక్కాలు ఉన్నాయి కాబట్టి మనుషుల కోసం గదులు చల్లబరచడం దండగట. చలివేంద్రాల్లోని చలిమరలన్నీ ఊడబెరికి పంటలకు ఇస్తారట. "మా దగ్గరా పంట ఉందండీ" అంది నా నోరు, నన్ను ఒక్కమాట అడక్కుండా. "ఏం పంట?" అన్నారు. చలిలో పెరిగేది ఏదో ఒకటి చెప్పాలి కదా, ఆపిల్ అన్నాను. క్యాబేజీ అని ఉంటే ఈపాటికి గొడవ వదిలేది. అవతలివాళ్లు పొంగిపోయారు. పల్నాట్లో ఆపిల్ పండించే మొనగాడు ఇన్నాళ్లకు దొరికాడట. కొండల నుంచి మంచి మొక్క ఒకటి తామే తెప్పించి పంపుతారట. ఫిబ్రవరిలో, అంటే నా లెక్కలో ధనిష్ఠ కార్తెలో, మనిషి వచ్చి చూస్తుందట. పువ్వు కనిపిస్తే మర మాకు ఉంటుంది. లేకపోతే వాళ్లు పట్టుకుపోతారు.

నేనింకా కార్తెలతోనే లెక్క రాసుకుంటున్నాను. మా నాన్న అలవాటు. ఆయన రోజుల్లో ఒక్కో కార్తెకి ఒక్కో గుణం ఉండేదట. ఇప్పుడు అన్నీ రోహిణికి తోబుట్టువులే, పేర్లే తేడా.

మా తాతల కాలంలో చలివేంద్రమంటే రోడ్డు పక్కన తాటాకు పందిరి, ఇసకలో నాలుగు కుండలు, ఒక గ్లాసు. ఇప్పుడు ఆ కుండల్లో నీళ్లతో కాఫీ కలుపుకోవచ్చు. అందుకని చలివేంద్రమంటే ఒక గది, ఒక చలిమర, గోడల వెంట అరుగులు. నీడ గుడ్డ కింద కాపురమున్న వాళ్లందరూ వంతులవారీగా వచ్చి కాసేపు కూర్చుని వెళతారు. దారినపోయేవాడైనా సరే, ఎవరు నువ్వని అడగం. నేను దానికి కాపలాదారుణ్ని, యజమానిని, ఊడ్చేవాణ్ని కూడా.

ఇందులో నా స్వార్థమూ ఉంది. చలి చొక్కా తొడిగితే మా అక్క ఇన్నాసమ్మకి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. మొన్న రోహిణిలో మర ఒక్కపూట మొరాయిస్తే మనిషికి మాట తడబడి, నన్ను పట్టుకుని, మా నాన్న అనుకుని, "నాయనా" అని పిలిచింది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. ఆమెకు ఆ గది లేకపోతే వచ్చే వేసవి దాటదు. అంతే విషయం. ఆపిల్ పూయాలి.

హస్త కార్తె

గది నడిమధ్యన పెద్ద తొట్టిలో మొక్కను నాటాం. నాటింది నేను, సలహాలిచ్చింది మిగతా నీడంతా. అందరికంటే ఎక్కువ ఇచ్చింది గురవయ్య. ఆయన కాలమంతా బోర్లు వేసిన మనిషి. నీళ్లు పడని బోర్ల గురించి తప్ప ఏ సంగతీ తెలియకపోయినా అన్నిటి గురించీ చెబుతాడు.

మొక్కను పెంచిన ఠాకూర్ గారు కొండల మీద నుంచి ఫోన్ చేశారు. ఆయన తన భాషలో మాట్లాడితే ఫోను దాన్ని మన భాషలోకి మార్చి, పెళ్లిపత్రిక చదివినట్టు వినిపిస్తుంది. "మహాశయా, శీతకాలమంతా మొక్కకు మంచు తగలనివ్వండి. ఎంత మంచు తగిలితే అంత మంచిది. అప్పుడే అది పుష్పిస్తుంది."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

"మంచంటే ఏ మంచు? మన మంచేనా, పొద్దున్నే ముక్కు కారేది?" అన్నాడు గురవయ్య.

మా దగ్గర మంచు పడి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఆ మాట మాత్రం పెద్దవాళ్ల తిట్లలో మిగిలింది. మా అక్క అరుగు మీద నుంచి లేచింది.

"మంచు మంచిదంటాడా? నా చిన్నప్పుడు తెల్లారి మంచులో అడుగుపెడితే మాయమ్మ ఈపు మీద నాలుగిచ్చేది. దగ్గు, పడిశం, ఉబ్బసం, ఏదొచ్చినా మంచుతోనే వొచ్చేది."

"అక్కా, మంచంటే చలి అని ఆయన ఉద్దేశం. ఫోను మాట తిప్పింది. చెట్టుకి చలి కావాలి."

"ఆకులు చూడు, ఎంత లేతగా ఉండాయో. సంటిది" అని అక్క గొణుక్కుంటూ కూర్చుంది. నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండవలసింది.

ఏర్పాటు ఇది: పగలు గది మనుషులది, మర మామూలుగా తిరుగుతుంది. పొద్దు వాలాక గది మొక్కది, తలుపేసి మరను ఫ్రిజ్ అంత చలికి తిప్పుతాను.

స్వాతి కార్తె

ఆకులన్నీ రాలిపోయాయి. పొద్దున తలుపు తీసేసరికి తొట్టి చుట్టూ ఆకులు, మధ్యలో మోడు. నేను దాచిపెడదామనుకునే లోపలే కబురు నీడంతా పాకింది.

పరామర్శకు రావడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర చెప్పులు విడిచి, తలలు వంచుకుని వస్తున్నారు. "నిన్న కూడా బాగానే ఉందంట గదా" అంటున్నారు. పరామర్శకొచ్చినవాళ్లు వెంటనే లేచిపోతే బాగుండదని ఎవరి వంతు అయిపోయినా ఎవరూ కదలడంలేదు. గది జాతరలా తయారైంది. ఎవరో కాఫీలు కూడా తెచ్చారు.

ఠాకూర్ గారికి ఫోన్ చేస్తే, "మహాశయా, అభినందనలు! మొక్క నిద్రించినది" అంది ఫోను.

"చావలేదయ్యా, నిద్రపోతోందట. చలిలో ఆకులు రాల్చి నిద్రపోవడం దాని పద్ధతట" అని అందరికీ చెప్పాను.

"చచ్చినోళ్లందర్నీ అట్టాగే అంటారులే" అన్నాడు గురవయ్య, నా భుజం మీద చెయ్యేసి.

అనూరాధ కార్తె

గదిలో సాంబ్రాణి వాసన వస్తోంది. పొద్దున లోపలికి అడుగు పెట్టగానే గుప్పుమంటుంది. ఎవరు వేస్తున్నారంటే అందరూ పైకి చూస్తారు. గురవయ్య మీద అనుమానం. ఆయనేమో, నేను బీడీ తప్ప ఇంకేమీ కాల్చనని ఒట్టు పెట్టాడు.

మొక్క మాత్రం మోడులాగే ఉంది. మొగ్గలు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. ఠాకూర్ గారికి ఫోటో పంపితే ఇంకో రెండు అడిగి చూశారు. తర్వాత, "మహాశయా, ఈ మొక్కకు చలి అందుటలేదు. దానిని ఏదో వెచ్చబరచుచున్నది. వెచ్చదనము తగిలినచో అంతకుముందు పట్టిన చలి వ్యర్థము" అన్నారు.

మర బాగానే తిరుగుతోంది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తోందో బుర్ర బద్దలు కొట్టుకున్నా తెలియలేదు. కార్యాలయానికి మాత్రం "మొక్క కులాసా" అని చెప్పాను. మోడుకి కులాసా ఏమిటో నాకే తెలియదు.

జ్యేష్ఠ కార్తె

దొంగ దొరికింది. మా ఇంట్లోనే ఉంది.

నిన్న సాయంత్రం తలుపేసి ఇంటికి వచ్చాక, కళ్లద్దాలు గదిలో మరిచిపోయానని వెనక్కి వెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల మా అక్క. మోడు తలకి మంకీ క్యాప్ తొడిగింది. కొమ్మలకి మఫ్లరు చుట్టింది. మొదట్లో ఉప్పు మూట కట్టి కాపడం పెట్టింది. ఆ మూటను పగలంతా రేకు మీద ఎండలో ఉంచుతుందట. అది తెల్లవార్లూ సెగ వదులుతూనే ఉంటుంది. పక్కనే సాంబ్రాణి పొగ. రోజూ నేను వెళ్లాక, ఇంట్లో మేకుకున్న తాళంచెవి పట్టుకొచ్చి ఇదంతా చేసి, పొద్దున్నే ఊడుస్తానని నాకంటే ముందొచ్చి విప్పేస్తోందన్నమాట. ఈమధ్య ఊడ్చే పని తను తీసుకుంటే పాపం నా మీద ప్రేమ అనుకున్నాను.

"అక్కా! ఏందిది?"

"అరవమాక, నిద్రపోతంది."

"కాపడం పెడతావా చెట్టుకి? అది చలిదేశం మొక్క!"

"చలిదేశం పిల్లయితే మాత్రం చలెయ్యదంట్రా? నువ్వు రెంటచింతలోడివేగా, నీకు ఎండ కొట్టదా?"

నేను మఫ్లరు మీద చెయ్యి వేశాను. అక్క నా చెయ్యి తోసేసింది.

"ఊరుగాని ఊరొచ్చింది, ఆకులన్నీ ఊడిపోయినయ్యి, ఒంటి మీద నూలుపోగు లేదు. రేతిరంతా ఒంటరిగా దాన్ని మంచులో పెట్టి తాళమేసుకు పోతావా? నీకసలు గుండె ఉందంట్రా శౌరీ?"

నాకు కోపం నషాళానికి ఎక్కింది. మంకీ క్యాప్ పీకి నేలకేసి కొట్టాను. ఈ మోడు పూయకపోతే మర పోతుందని, మర పోతే ముందు పోయేది నువ్వేనని, నీ కోసమే ఈ అబద్ధమంతా ఆడానని అరిచేశాను. ఇప్పటిదాకా ఆ సంగతి ఆమెతో చెప్పలేదు. కార్యాలయం వాళ్ల సరదా అని చెప్పాను.

అక్క మఫ్లరు విప్పుతూ ఉండిపోయింది. ఒక్కో కొమ్మ దగ్గరా జాగ్రత్తగా విప్పింది.

అక్కడి నుంచే ఠాకూర్ గారికి ఫోన్ చేశాను. కాపడం సంగతి చెబితే ఫోను దాన్ని ఆయన భాషలోకి మార్చలేక మూడుసార్లు తడబడింది. చివరికి ఆయనకు అర్థమయ్యాక నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు. "మళ్లీ మొదటినుండి ప్రారంభించవలెను. నేటినుండి రాత్రింబవళ్లు చలి. మనుషులు లోపలికి రారాదు. ఒంటి వేడిమి కూడా వద్దు. అట్లయిన బహుశా పూయును."

అక్క అంతా వింది. మూట, టోపీ, మఫ్లరు అన్నీ చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. నేనూ వచ్చాక తాళం తనే వేసింది. తాళంచెవి కొంగున ముడివేసుకుంది.

"మరి నువ్వు యాడ కూచుంటావక్కా?"

"గోడకి ఇవతల" అంది.

మూల కార్తె

చలివేంద్రానికి తాళం వేసిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. మా వంశంలో ఎవరూ దాహంతో వచ్చినవాణ్ని పొమ్మని ఎరగరు. పొద్దున నీడలో వాళ్లందర్నీ పిలిచి నిజం చెప్పాను, అబద్ధంతో సహా. తిడతారని సిద్ధపడి ఉన్నాను. గురవయ్య లేచి, "అయితే గోడ ఎవురిదంట?" అన్నాడు.

గోడ బయటివైపు చెయ్యి పెడితే కొంచెం చల్లగానే ఉంటుంది. లోపల ఫ్రిజ్ కదా. అప్పటినుంచీ వంతులు గోడకి వచ్చాయి. బారుగా కూర్చుని వీపులు ఆనిస్తారు. మాట్లాడుకోవాలంటే అందరూ ఒకే వైపు చూస్తూ మాట్లాడాలి. బస్సులో కూర్చున్నట్టే ఉంటుంది, బస్సు మాత్రం కదలదు. మర ఉన్న మూల దగ్గర గోడ ఎక్కువ చల్లన, దానికోసం పోట్లాటలు. గురవయ్య సున్నంతో గీతలు గీసి గళ్లు చేశాడు. లావుపాటి వాళ్లకి రెండు గళ్లు కావాలని ఒక తగువు, సన్నటివాళ్లకి అసలు గోడ ఎందుకని ఇంకొకటి. రెండూ నేనే తీర్చాను, రెండు వైపులా తిట్లు తిన్నాను.

దారినపోయే లారీ మనిషి ఒకడు చలివేంద్రం బోర్డు చూసి ఆగాడు. వీపులు ఆనించిన వరుసను చూసి, "ఏంది, లోపలికి పోనియ్యరా?" అన్నాడు. "లోపల బిడ్డ నిద్రపోతంది, ఇట్టా వొచ్చి కూచో నాయనా" అని అక్క మూల గడి అతనికి ఇచ్చేసింది. అది ఆ పూట తన గడి.

పూర్వాషాఢ కార్తె

ఇవాళ మధ్యాహ్నం అక్క గోడ దగ్గరే పక్కకి ఒరిగింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. నన్ను చూసి "నాయనా" అంది.

తలుపు వైపు పరిగెత్తి, తాళంచెవి కోసం మళ్లీ ఆమె దగ్గరికే పరిగెత్తాను. కొంగు ముడి ఆమె పిడికిట్లో ఉంది. మాట రావడం లేదుగానీ పిడికిలి విప్పడం లేదు. నేను వేళ్లు విడదీయబోతే, అంత నీరసంలోనూ కొంగు లాక్కుని వీపు కింద పెట్టుకుని పడుకుంది.

ఆ క్షణాన ఆ మోడుని పీకి పొయ్యిలో పెట్టాలనిపించింది. పువ్వూ వద్దు, మరా వద్దు, మా అక్క నాకు చాలు అనిపించింది. తాళం బద్దలు కొట్టడానికి రాయి కూడా తీశాను. గురవయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"తాళం పగలగొడితే ఆమె లేచాక నిన్ను పగలగొట్టుద్ది. ముందు తడిగుడ్డలు తే."

నీడలో వాళ్లందరూ తమ గళ్లు వదిలేసి వచ్చారు. ఆమెను మూల గోడకి ఆనించి, తాగే నీళ్ల వాటాలోంచి గుడ్డలు తడిపి కప్పి, వంతులవారీగా విసిరారు. కొందరు తమ చలి చొక్కాలు విప్పి, ఒంటికి తగలకుండా చుట్టూ దడిలా పట్టుకున్నారు. పొద్దు వాలేసరికి అక్క కళ్లు తెరిచింది.

"నన్ను నాయనా అన్నావు" అన్నాను.

"ముసలాయన పోలికలొచ్చినయ్యి నీకు. ఆ ముక్కూ, ఆ కోపమూ" అంది. తర్వాత మొదట అడిగింది తలుపు తీశారా అని. తీయలేదంటే కళ్లు మూసుకుంది.

నేను అవతలికి వెళ్లి బాగా ఏడ్చాను. రాసుకోవడానికి నాకేం సిగ్గులేదు.

శ్రవణ కార్తె

ఠాకూర్ గారు తలుపు తీయమన్నారు. పట్టవలసిన చలి పట్టినట్టే, ఇక మెల్లగా వెచ్చబరిచి లేపాలట. అక్క కొంగు ముడి విప్పి తాళం తీసింది. అందరం చెప్పులు విడిచి లోపలికి వెళ్లి అరుగుల మీద కూర్చున్నాం. గురవయ్య ఇంకా అలవాటుకొద్దీ గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు. చలి ముఖానికి తగలగానే అక్క ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు కోసం ఇంకో పది అబద్ధాలైనా ఆడతాను.

కొన్నాళ్లకి మొగ్గల కొనలు పచ్చబడ్డాయి. మొదట చూసింది నేనేనని నేనంటాను. గురవయ్య తనంటాడు.

ధనిష్ఠ కార్తె

పూసింది!

లేత గులాబీ రంగు మొగ్గ, విచ్చుకుంటే తెలుపు. ఒకటి కాదు, గుత్తి. పల్నాటి ఎండలో ఆపిల్ పువ్వు. నీడంతా వరుస కట్టి చూసింది. అక్క దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా, "సక్కదనాల తల్లి" అని మెటికలు విరిచింది.

పువ్వు ఉన్నప్పుడే కార్యాలయం నుంచి ముంతాజ్ గారు వచ్చారు. వయసులో చిన్నదే, చలి చొక్కా మీద ఇస్త్రీ కోటు. పువ్వు చూసి ఆఫీసు సంగతి మరిచిపోయింది. చుట్టూ తిరిగి, వంగి, వాసన చూసి, "నేనెప్పుడూ నిజం ఆపిల్ పువ్వు చూడలేదండీ" అంది. నా ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది.

తర్వాత ఆమెకు ఆఫీసు గుర్తొచ్చింది.

"చాలా బాగా పండించారు. పువ్వొస్తే మర ఉంచుతామన్నది నిజమే, కాకపోతే పూసేసింది కాబట్టి దీనికి ఇక చలి అవసరం లేదు. మరని వేరే పంటకి పంపొచ్చు."

నా నోరు నన్ను అడక్కుండా ఏదైనా అంటే బాగుండునని చూశాను. ఈసారి అది ఊరుకుంది.

"కాయ ఎప్పుడు కాసుద్దమ్మా?" అంది అక్క అరుగు మీద నుంచి.

"ఒక్క చెట్టుకి కాయ నిలవదండీ. వేరే రకం ఆపిల్ ఇంకోటి పక్కనుండాలి. దాని పుప్పొడి దీనికి అందితేనే కాయ."

అక్క నెమ్మదిగా లేచి నిలబడింది.

"అంటే మొగుడు లేకుండా పిల్లని మా ఇంటికి పంపి, ఇంకా నీళ్లోసుకోలేదా అని చూడ్డానికొచ్చావా తల్లీ? ఈ చోద్యం యాడన్నా ఉందా?"

గురవయ్య దగ్గొచ్చినట్టు నటించి బయటికి పోబోయి, నవ్వాపుకోలేక అక్కడే కూలబడ్డాడు. ముంతాజ్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సరే, పెళ్లికొడుకుని ఎప్పుడు పంపుతారు? ఆయనకీ చలి కావాలా అక్కర్లేదా?"

"కావాలండీ. ఇద్దరూ ఒకే చలిలో పడుకుని ఒకేసారి లేవాలి. అప్పుడే..."

"మరి మర ఊడబెరికితే శోభనం ఎండలో చేస్తావా?"

ముంతాజ్ గారు మోడు కాని మోడు వైపు, పువ్వుల వైపు, మా అక్క వైపు చూసింది. ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడింది. జత మొక్క పంపాలి, కాయ పడేదాకా మర ఇక్కడే ఉండాలి అని చెప్పింది. వచ్చే విశాఖ నుంచి శ్రవణం దాకా గదిలోకి మనిషి రాకూడదట. రానివ్వం, గోడ ఉంది మాకు. వేసవంతా గది మాది. రోహిణిలో మా అక్క ఈ అరుగు మీద ఉంటుంది.

ఫోన్ పెట్టేశాక ఆమె తల తిప్పి మొదటిసారి గది అంతా చూసింది. గోడల వెంట అరుగుల నిండా మనుషులు. ఆమె ముఖంలోకి మళ్లీ ఆఫీసు వచ్చింది.

"ఇది పంట గది కదండీ. పంట గదిలో మనుషులుండకూడదు. వీళ్లంతా ఎవరు?"

నేను గబగబా వెళ్లి తొట్టి ముందు అడ్డం నిలబడ్డాను. అక్క మాత్రం అరుగుల మీద వాళ్లందర్నీ ఒకసారి తీరిగ్గా చూసి, చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

"ఆడపెళ్లివారం. సంబంధం మాట్లాడ్డానికొచ్చాం. పెళ్లికొడుకొచ్చిందాకా యాడికి పోతాం?"

ముంతాజ్ గారు కోటు విప్పి, మడిచి చేతి మీద వేసుకుంది.

"అయితే నేను మగపెళ్లివారి తరఫున వచ్చినట్టేగా" అంది.

అక్క వెనక్కి తిరిగి, మర ముందు చల్లటి చోట కాళ్లు బారచాపుకుని కూర్చున్న గురవయ్యని చూసింది.

"లేవయ్యా, లే. మగపెళ్లివారొచ్చారు."